ఏ రూపాయి ఎవరికి? కొత్త కారు కొటేషన్ చదవడం ఎలా

మా బావ పరకాల దగ్గర మిర్చి, పత్తి పండిస్తాడు. మొన్నటి పంటకు ఎనుమాముల మార్కెట్‌లో మంచి ధర పలకడంతో చాలాకాలంగా మనసులో ఉన్న కారు మాట బయటపెట్టాడు. షోరూమ్‌కు వెళ్లి, వాళ్లు ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రానికి హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. "ఎనిమిది లక్షల కారు అన్నారు. కింద కూడిక చూస్తే పది లక్షల నాలుగు వందలు ఉంది. మధ్యలో ఈ రెండు లక్షలు ఎవరికి పోతున్నాయి?" అని అడిగాడు.

నేను ఆదాయపు పన్ను రిటర్నులు రాసే పనిలో ఉన్నాను. కారు కొన్నవాళ్ల కాగితాలు ప్రతి ఏటా నా బల్ల మీదికి వస్తాయి. బావ అడిగిన ప్రశ్నను కొనకముందు అడిగినవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు. "ఆన్‌రోడ్ ఎంత?" అని ఒక్క అంకె అడిగి, దాని మీద ఓ పది వేలు బేరమాడి సంతృప్తిపడతారు. ఆ ఒక్క అంకెలో కేంద్రానికి పోయేది, రాష్ట్రానికి పోయేది, బీమా కంపెనీకి పోయేది, షోరూమ్‌కు మిగిలేది కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీస్తే తప్ప ఎక్కడ బేరమాడాలో, ఎక్కడ నోరు మూసుకుని కట్టాలో తెలియదు. బావ కాగితాన్నే ముందు పెట్టుకుని, మేమిద్దరం చేసిన వరుసలోనే చెబుతాను. మీ కాగితం పక్కన పెట్టుకుని చదవండి.

మొదట పద్దులవారీగా కాగితం తీసుకోండి

ఫోనులో చెప్పిన ధర, విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చిన అంకె లెక్కలోకి రావు. షోరూమ్ ముద్రతో, తేదీతో, ప్రతి పద్దూ విడిగా రాసిన కొటేషన్ అడగండి. "రిజిస్ట్రేషన్ వగైరా" అని రెండు మూడు ఖర్చులు ఒకే గీతలో కలిపేస్తే, విడగొట్టి రాయమని అడగండి. బావకు ఇచ్చిన కాగితం ఇలా ఉంది:

షోరూమ్ ధర: 8,00,000
లైఫ్ ట్యాక్స్: 1,12,000
బీమా: 46,300
రిజిస్ట్రేషన్, ఆర్టీఓ ఖర్చులు: 6,500
ఫాస్టాగ్: 600
యాక్సెసరీలు: 14,900
అదనపు వారంటీ: 12,600
హ్యాండ్లింగ్ ఛార్జీలు: 7,500
మొత్తం: 10,00,400

ఒక పెన్ను తీసుకుని ప్రతి గీత పక్కనా ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతుందో రాయమన్నాను. లైఫ్ ట్యాక్స్ పక్కన "రాష్ట్రం", బీమా పక్కన "బీమా కంపెనీ" అని రాశాడు. హ్యాండ్లింగ్ దగ్గర పెన్ను ఆగిపోయింది. మీ పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ ప్రశ్న అడగాలి.

షోరూమ్ ధరలో దాగిన జీఎస్టీ

ఎనిమిది లక్షలు పూర్తిగా కారు ధర అనుకోకండి. అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది. పాత పరిహార సెస్సు తీసేశారు. పొడవు నాలుగు మీటర్లకు మించకుండా, పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఇంజనైతే 1,200 సీసీ, డీజిల్ ఇంజనైతే 1,500 సీసీ దాటకుండా ఉంటే 18 శాతం. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా 40 శాతం. బ్యాటరీతో నడిచే విద్యుత్ కార్లకు 5 శాతం.

రెండు షరతులూ కలిసి ఉండాలన్న సంగతి చాలామందికి తట్టదు. ఇంజను వెయ్యి సీసీయే అయినా కారు పొడవు 4.3 మీటర్లు ఉంటే అది 40 శాతం కిందికే వస్తుంది. పొడవు 3.99 మీటర్లే అయినా పెట్రోలు ఇంజను 1,500 సీసీది అయితే అదీ 40 శాతమే. ఒకే కారు రెండు ఇంజన్లతో వస్తున్నప్పుడు వాటి ధరల మధ్య తేడా పెద్దగా కనిపిస్తే, కారణం ఇంజను ఒక్కటే కాకపోవచ్చు. పన్ను మెట్టు మారి ఉండవచ్చు.

బావ చూసిన కారు 1,197 సీసీ పెట్రోలు, నాలుగు మీటర్లలోపు. అంటే 18 శాతం. ఎనిమిది లక్షలను 1.18తో భాగిస్తే అసలు ధర సుమారు 6,77,966 రూపాయలు, జీఎస్టీ సుమారు 1,22,034. ఇక్కడ మీరు చేయగలిగేది ఒక్కటే: తగ్గింపు ఇస్తామన్నప్పుడు దాన్ని ఇన్‌వాయిస్‌లోనే, పన్నుకు ముందు ధరలోనే తగ్గిస్తారా, లేక పూర్తి ధరకు బిల్లు వేసి చివర్లో చెక్కు రూపంలోనో ఉచిత సామాను రూపంలోనో ఇస్తారా అని అడగండి. మొదటి పద్ధతిలో తగ్గిన ధర మీద జీఎస్టీ కూడా తగ్గుతుంది.

బుకింగ్ రోజు ధర, బిల్లు రోజు ధర వేరు కావచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. మధ్యలో కంపెనీ ధర పెంచినా, ప్రభుత్వం పన్ను మార్చినా, ఇన్‌వాయిస్ వేసిన రోజున ఉన్నదే వర్తిస్తుంది. కొటేషన్ ఎన్నాళ్లు చెల్లుతుందో, బుకింగ్ రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో అదే కాగితం మీద రాయించుకోండి.

లైఫ్ ట్యాక్స్: అన్నిటికంటే బరువైన గీత

సొంత కారుకు తెలంగాణలో ఏటా రోడ్డు పన్ను కట్టనక్కర లేదు. కొన్నప్పుడే ఒక్కసారి లైఫ్ ట్యాక్స్ కడతాం. ఇది రాష్ట్ర రవాణా శాఖకు వెళ్తుంది. 2022 మే నెలలో వచ్చిన శ్లాబుల ప్రకారం, ఐదు లక్షల వరకు ధర ఉన్న కారుకు 13 శాతం, ఐదు నుంచి పది లక్షల వరకు 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల వరకు 17 శాతం, ఆపైన 18 శాతం. ఖరీదైన వాహనాల మీద 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు. పది లక్షలు దాటిన కారు కొనేవాళ్లు కొటేషన్‌లో వేసిన శాతాన్ని రవాణా శాఖ ప్రకటించిన తాజా పట్టికతో తప్పనిసరిగా సరిచూసుకోవాలి.

ఈ శాతాన్ని జీఎస్టీ కలిసిన షోరూమ్ ధర మీద లెక్కిస్తారు. బావ కారులో 1,22,034 రూపాయల జీఎస్టీ మీద కూడా 14 శాతం పడిందన్నమాట. పన్ను మీద పన్నే దాదాపు పదిహేడు వేలు. నాకు ఇది న్యాయంగా తోచదు. కానీ చట్టం అలాగే ఉంది, కట్టక తప్పదు. 8,00,000 మీద 14 శాతం 1,12,000. కాగితంలో అంతే ఉంది కాబట్టి ఆ గీత సరైనదే. ఇక్కడ బేరం లేదు. చేయవలసింది రసీదు అడగడమే.

మరో సంగతి. కొనేవారి పేరు మీద అప్పటికే ఒక కారు ఉంటే, రెండో కారుకు లైఫ్ ట్యాక్స్ రెండు శాతం ఎక్కువ. కంపెనీ, సొసైటీ, సంస్థ పేరు మీద కొన్నా ఆ రెండు శాతం అదనంగా పడుతుంది. ఎనిమిది లక్షల కారుకు ఇది పదహారు వేలు. అందుకే బుకింగ్ ఫారంలో ఎవరి పేరు రాయాలో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. పాత కారు అమ్మేసి ఏళ్లు గడిచినా ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉండిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదంతే. అలాంటిది ఉంటే కొత్త కారు బుక్ చేసేలోపే ఆ బదిలీ పూర్తి చేయించండి. పన్ను మాట అటుంచితే, ఆ బండికి ప్రమాదం జరిగితే మొదట మీ ఇంటికే వస్తారు.

విద్యుత్ కార్లకు పెద్ద ఊరట ఉంది. 2024 నవంబరు 18 నుంచి అమల్లోకి వచ్చిన 41వ నంబరు జీవో ప్రకారం, తెలంగాణలో రిజిస్టరయ్యే విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. ఆ జీవోలో ఉన్న గడువు 2026 డిసెంబరు 31. గడువు దగ్గరపడ్డాక కొనేవాళ్లు బుకింగ్ తేదీ చూసి నిశ్చింతగా ఉండకూడదు. రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోవాలి.

కాళేశ్వరం వంతెన దాటితే సిరోంచ, ఆదిలాబాద్ దాటితే చంద్రాపూర్. పన్ను తక్కువని అటు వెళ్లి అక్కడి చిరునామాతో కారు కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్లు మన వైపు ఉంటారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఒక రాష్ట్రం నంబరున్న బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఆ నంబరు కోసం వెళ్లినప్పుడు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టాలి. అక్కడ కట్టింది తిరిగి రాబట్టుకోవడానికి ఆ రాష్ట్రం కార్యాలయాల చుట్టూ తిరగాలి. దయచేసి ఆ దారి పట్టకండి.

పది లక్షల గీత

షోరూమ్ ధర పది లక్షలకు అటూ ఇటూ ఉన్న కారు చూస్తున్నవాళ్లు ఇక్కడ నిదానంగా చదవాలి. శ్లాబు మారితే కొత్త శాతం మొత్తం ధర మీద పడుతుంది, పెరిగిన భాగం మీద మాత్రమే కాదు.

ఒక రకం 9,95,000 రూపాయలు అనుకోండి. 14 శాతం లెక్కన లైఫ్ ట్యాక్స్ 1,39,300. దాని పై రకం, పైకప్పుకు అద్దం అమర్చినది, 10,05,000. దానికి 2022 నాటి 17 శాతమే అనుకున్నా లైఫ్ ట్యాక్స్ 1,70,850. దీనికి తోడు, పది లక్షలు దాటిన కారు మీద షోరూమ్ ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తుంది. అది 10,050. ధరలో తేడా పది వేలు. చేతి నుంచి అదనంగా వెళ్లేది యాభై ఒక్క వేల పైమాటే. పై రకం నిజంగా అవసరమైతే తీసుకోండి, కానీ దాని వెల పది వేలు అనుకుని తీసుకోకండి.

ఈ టీసీఎస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మీ డబ్బు. కొనేవారి దగ్గర వసూలు చేసి, మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు షోరూమ్ జమ చేస్తుంది. మీరు రిటర్నులో చూపిస్తే మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. ఒక ఉపాధ్యాయుడు ఏడాది క్రితం 12,40,000 రూపాయల కారు కొన్నారు. రిటర్ను కోసం జీతం కాగితం ఒక్కటే తెచ్చారు. పోర్టల్‌లో ఆయన పాన్ కింద ఉన్న పట్టిక తెరిస్తే షోరూమ్ పేరు మీద 12,400 రూపాయల జమ కనిపించింది. "అది కారు ఖర్చు కదా, పోయిందనుకున్నాను" అన్నారు. ఆ రిటర్నులో చూపించాం, రిఫండుగా బ్యాంకులో పడింది. అడగకపోతే పోయేదే.

అందుకని షోరూమ్‌లో పాన్ నంబరు ఇచ్చేటప్పుడు అక్షరం అక్షరం సరిచూడండి. ఒక్క అక్షరం తప్పినా జమ వేరొకరి ఖాతాలోకి పోతుంది. పాన్ ఇవ్వకపోతే ఒక శాతానికి బదులు ఐదు శాతం పట్టుకుంటారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామంది రైతులు రిటర్ను వేయరు. అలాంటివారు పది లక్షలు దాటిన కారు కొంటే, ఆ ఒక్క సంవత్సరానికైనా రిటర్ను వేయించుకోవాలి. లేకపోతే ఆ ఒక శాతం ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

బావ కాగితంలో మొత్తం పది లక్షలు దాటింది కదా, టీసీఎస్ ఎందుకు లేదని అడిగాడు. లైఫ్ ట్యాక్స్, బీమా కలిపిన మొత్తాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. కారు ధర ఎనిమిది లక్షలే కాబట్టి అతనికి టీసీఎస్ లేదు. మీ కారు ధర పది లక్షలలోపే ఉన్నా కొటేషన్‌లో టీసీఎస్ గీత కనిపిస్తే, తీసేయమనండి.

నగదు సంచితో వెళ్లకండి

పంట అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది, లెక్కపెట్టి కట్టేస్తే పని అయిపోతుంది అనిపిస్తుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే లావాదేవీకి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం నేరుగా నిషేధం. జరిమానా తీసుకున్నవారికే, అదీ తీసుకున్నంత మొత్తం. రోజుకింత చొప్పున విడగొట్టి కడతామన్నా, ఇంట్లో తలా కొంత రసీదు రాయిస్తామన్నా అది ఒకే కారు, ఒకే కొనుగోలు. కాబట్టి డబ్బు ముందు బ్యాంకులో వేయండి. మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీలు, అంటే పంట తూకం, ధర రాసిన చీటీలు, దాచుకోండి. ఆ డబ్బు పంటది అని చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. బావ తన తక్‌పట్టీలను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చాడు, నాకు ఎంతో సంతోషం వేసింది.

బీమా: నిజంగా బేరం ఉన్న చోటు

కొత్త కారుకు మూడో వ్యక్తికి జరిగే నష్టానికి సంబంధించిన బీమా, అంటే థర్డ్ పార్టీ, మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. దీని ధరను బీమా కంపెనీలు నిర్ణయించవు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం మూడేళ్లకు కలిపి వెయ్యి సీసీ వరకు 6,521 రూపాయలు, వెయ్యి నుంచి 1,500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596. దీని మీద 18 శాతం జీఎస్టీ. జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ తీసేసినా వాహన బీమా మీద అది కొనసాగుతోంది. బావ కారుకు 10,640, జీఎస్టీతో 12,555. ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఇది ఒకటే.

46,300లో 12,555 పోతే మిగిలిన 33,745 సొంత కారుకు జరిగే నష్టానికి తీసుకునే బీమా, అదనపు రక్షణలు. ఇక్కడే కంపెనీకీ కంపెనీకీ తేడా వస్తుంది, షోరూమ్‌కూ కొంత కమీషన్ ముడుతుంది. మేము చేసిన పని ఇది. షోరూమ్ ఇచ్చిన బీమా కొటేషన్‌లో ఏయే రక్షణలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకున్నాం: తరుగుదల పట్టకుండా విడిభాగాల ధర పూర్తిగా ఇచ్చేది, ఇంజనుకు రక్షణ, కారు పోతే ఇన్‌వాయిస్ ధర ఇచ్చేది, తాళం పోతే ఇచ్చేది, టైర్లకు ఒకటి. కారు బీమా విలువ 7,60,000, అంటే షోరూమ్ ధరలో 95 శాతం. అదే విలువతో, అవే రక్షణలతో మరో రెండు కంపెనీల దగ్గర అడిగాం. ఒకచోట థర్డ్ పార్టీతో కలిపి మొత్తం బీమా 46,300కు బదులు 35,800కే వచ్చింది. పోల్చేటప్పుడు బీమా విలువ, రక్షణల జాబితా రెండూ ఒకేలా ఉండేలా చూడండి. విలువ తగ్గించి ధర తక్కువ చూపించడం తేలిక. నష్టం జరిగిన రోజున ఆ తగ్గింపు మన మీదే పడుతుంది.

తరుగుదల పట్టని రక్షణ కొత్త కారుకు తప్పకుండా తీసుకోమంటాను. ఇంజను రక్షణ కూడా. వానాకాలంలో హంటర్ రోడ్డు వైపు, నయీంనగర్ నాలా చుట్టుపక్కల నీళ్లు నిలిచిన రోజులు చూసినవాళ్లెవరూ దాన్ని వద్దనరు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోయి ఇంజను పాడైతే మామూలు పాలసీ దాన్ని కవర్ చేయదు. తాళానికీ టైర్లకూ తీసుకోవడం మీ ఇష్టం. మేము ఆ రెండూ అలాగే ఉంచాం, ఎందుకంటే 35,800లోనే అవి వచ్చాయి.

"మా దగ్గరే బీమా తీసుకోవాలి, లేకపోతే తగ్గింపు ఇవ్వం" అని ఒత్తిడి చేస్తే లొంగకండి. ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవారి హక్కు. మా మాటకు వాళ్లు మొదట మెత్తబడలేదు. బయటి కొటేషన్ చూపించాక అదే ధరకు మేమే ఇస్తామన్నారు. సరేనన్నాం. బయట ఎక్కువ పని లేకుండా పోయింది.

ఇంకో రెండు విషయాలు. యజమానికి పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి, కానీ మీకు అంత మొత్తానికి ఇప్పటికే వేరే ప్రమాద పాలసీ ఉంటే మళ్లీ కట్టనక్కర లేదు. అలాగే పాత కారు అమ్మి కొత్తది కొంటున్నవాళ్లకు, క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లకు వచ్చే తగ్గింపు ఉంటుంది. అది 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. ఆ తగ్గింపు బండితో పాటు కొన్నవాళ్లకు పోదు, మీతోనే ఉంటుంది. పాత బీమా కంపెనీ నుంచి ఆ ధ్రువపత్రం తీసుకుని కొత్త పాలసీలో వాడుకోండి. రెండు పాలసీలూ ఒకే పేరు మీద ఉండాలి.

రిజిస్ట్రేషన్, నంబరు, ఫాస్టాగ్

కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ రుసుము 600 రూపాయలు. అప్పు తీసుకుని కొంటే ఆర్సీలో బ్యాంకు పేరు రాయడానికి మరో 1,500. ఆర్సీ కార్డుకు 200. వీటి మీద రాష్ట్రం వేసే సేవా రుసుముల వంటివి ఉంటాయి. ఇవన్నీ రవాణా శాఖ రసీదులో పద్దులవారీగా అచ్చవుతాయి. బావ కాగితంలో "రిజిస్ట్రేషన్, ఆర్టీఓ ఖర్చులు 6,500" అని గుండుగుత్తగా ఉంది. "రసీదులో ఎంత ఉంటే అంత కడతాం" అన్నాం. ఒప్పుకున్నారు, తర్వాత రసీదు చూసి మిగిలింది తిరిగి ఇచ్చారు. ఆ ఒక్క వాక్యం మీరూ పలకండి.

2024 మార్చి నుంచి మన కొత్త బండ్లకు టీజీ అక్షరాలు వస్తున్నాయి. హనుమకొండకు 03, వరంగల్‌కు 24, భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27, ములుగుకు 37, కరీంనగర్‌కు 02. మీ చిరునామా ఏ జిల్లాలో ఉందో దాని నంబరు వస్తుంది. జిల్లాలు మారాక పరకాల హనుమకొండలో ఉంది కాబట్టి బావకు 03 సిరీస్ వచ్చింది. ఆధార్‌లో పాత జిల్లా పేరు ఉండిపోతే ముందే సరిచేయించుకోండి. ప్రత్యేక నంబరు కావాలనుకుంటే దానికి వేరుగా రుసుము, పోటీ ఉంటే వేలం. అది పూర్తిగా మీ ఇష్టం, కొటేషన్‌లో తనంతట తాను రాకూడదు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు కంపెనీ ద్వారానే వస్తుంది.

ఫాస్టాగ్ కొత్త కార్లకు తప్పనిసరి. తరచూ హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఒక మాట. కోమళ్ల, గూడూరు టోల్‌ప్లాజాలు దాటి రోజూ తిరిగేవాళ్లు జాతీయ రహదారుల వార్షిక పాసు గురించి తెలుసుకోవాలి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర మూడు వేలు, రెండు వందల ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. షోరూమ్ ఇచ్చే ఫాస్టాగ్ ఛాసిస్ నంబరు మీద ఉంటుంది. శాశ్వత నంబరు వచ్చాక ఫాస్టాగ్‌లో దాన్ని నమోదు చేయించాకే పాసు ఇస్తారు.

చట్టంలో లేని పద్దులు

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, డిపో, ఫైల్ ఛార్జీ: పేరు ఏదైనా సరే, ఇలాంటి రుసుము కట్టాలని ఏ చట్టంలోనూ లేదు. కారును కంపెనీ నుంచి తెచ్చి, కడిగి, మీకు అప్పగించడం షోరూమ్ పని. దాని ఖర్చు షోరూమ్ ధరలోనే ఉంటుంది. బావకు వేసిన 7,500 గురించి "దీనికి ప్రభుత్వ రసీదు ఇస్తారా?" అని నెమ్మదిగా అడిగాం. ఇవ్వలేమన్నారు. "అయితే తీసేయండి" అన్నాం. కొంచెంసేపు మేనేజరు గదిలోకి వెళ్లి వచ్చి కొట్టేశారు. కొట్టేయకపోతే ఆ పద్దు ఉన్న బిల్లు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. గొంతు పెంచనక్కర లేదు, కాగితం చాలు.

యాక్సెసరీలు చట్టవిరుద్ధం కావు, కానీ తప్పనిసరీ కావు. 14,900 ప్యాకేజీలో బావకు నిజంగా కావలసినవి పొలం మట్టికి ఆగే మ్యాట్లు, బురద పడకుండా మడ్‌ఫ్లాపులు. ఆ రెండూ 3,200కు విడిగా తీసుకున్నాడు. అదనపు వారంటీని నేను ఉంచమన్నాను. ఊరి రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బండికి అది పనికొస్తుంది.

అప్పు తీసుకుంటే

బ్యాంకు ఆన్‌రోడ్ ధర మొత్తానికి అప్పు ఇస్తానంటే సంబరపడకండి. లైఫ్ ట్యాక్స్‌కు, బీమాకు కూడా ఐదేళ్లో ఏడేళ్లో వడ్డీ కట్టినట్టు అవుతుంది. చేతిలో ఉన్న డబ్బుతో ముందు ఆ రెండూ కట్టి, కారు ధరకే అప్పు తీసుకోండి. ప్రాసెసింగ్ రుసుము, ముందుగా తీర్చేస్తే పడే ఛార్జీ రాతపూర్వకంగా అడగండి. అప్పు తీరాక ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, 35వ నంబరు ఫారంతో రవాణా శాఖకు వెళ్లి ఆర్సీలో బ్యాంకు పేరు తీయించాలి. ఇది మరిచి అమ్మేటప్పుడు చిక్కుకున్నవాళ్లు కోకొల్లలు.

డెలివరీ రోజు

తాళాలు ఇచ్చే హడావుడిలో, ఫోటోల మధ్యలో కాగితాలు చూడటానికి ఎవరికీ ఓపిక ఉండదు. అందుకే ముందురోజే వెళ్లండి. తాత్కాలికంగానైనా నంబరు లేకుండా బండిని షోరూమ్ బయటికి తీయకూడదు. 21వ నంబరు ఫారం, అంటే అమ్మకం ధ్రువపత్రంలో కారు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. జనవరిలో కొన్న కారు కిందటేడు మొదట్లో తయారైందైతే అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. ఆ సంగతి బుకింగ్ సమయంలోనే తేలాలి, తగ్గింపు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఛాసిస్ నంబరును ఇన్‌వాయిస్‌తో, బీమా పాలసీతో, కారు మీద చెక్కిన దానితో మూడు చోట్లా పోల్చండి. బావ వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు, నేను కాగితంలో చూశాను. పాలసీలో ఒక అంకె తప్పు పడింది. అక్కడికక్కడే సరిచేయించాం.

తీసుకోవలసిన కాగితాలు: పన్నుతో కూడిన ఇన్‌వాయిస్, లైఫ్ ట్యాక్స్ రసీదు, రిజిస్ట్రేషన్ రుసుముల రసీదు, బీమా పాలసీ, 21, 22 నంబర్ల ఫారాలు, అదనపు వారంటీ పత్రం, ఉంటే టీసీఎస్ కట్టిన రసీదు. కట్టిన మొత్తం, ఈ రసీదుల కూడిక సరిపోవాలి. సరిపోకపోతే తేడా ఎక్కడుందో అప్పుడే అడగండి.

బావకు హ్యాండ్లింగ్‌లో 7,500, బీమాలో 10,500, యాక్సెసరీల్లో 11,700 తగ్గాయి. మొత్తం 29,700. రిజిస్ట్రేషన్ పద్దులో తిరిగి వచ్చింది దీనికి అదనం. మరుసటి రోజు పొద్దున్నే కారును భద్రకాళి గుడికి తీసుకువెళ్లి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అక్క ముందు సీట్లో కూర్చుంది. కాగితాల కవరు మాత్రం ఆమె ఒడిలోనే ఉంది, తక్‌పట్టీలతో సహా.